కిటికీ తెరలు దించిన వీధి

బెడ్‌ఫర్డ్
ఆదివారం, 18 జూన్ 1961

ప్రియమైన అకీల్లేకు,

ఇవాళే రాయడానికి కారణం ఉంది. సెయింట్ పీటర్ పండుగ వెళ్ళగానే కాన్వెంటు బడికి వెళ్ళి మదర్ ఒర్సోలాను కలుస్తానన్నారు. ఆ లోపల నా నిర్ణయం మీకు చేరాలి. మన మనవరాలు లీదియాను సెప్టెంబరులో నాతో తీసుకువస్తున్నాను. అక్టోబరులో మన ఊళ్ళో బడి తెరిచే వేళకు అది మూడో తరగతి బల్ల మీద కూర్చుని ఉండాలి. మన అబ్బాయి రొక్కో, కోడలు నొరీనా ఒప్పుకున్నారు. ఒప్పుకోక ఏం చేస్తారు? వాడు రాత్రంతా ఇటుక బట్టీలో ఉంటాడు, పగలంతా నిద్రపోతాడు. కోడలు మిఠాయిల ఫ్యాక్టరీ నుంచి వచ్చేసరికి కాళ్ళు వాచి ఉంటాయి. అక్టోబరు చివర్లో కాన్పు. ఈ పిల్లను చూసే తీరిక ఎవరికుంది?

నేను వచ్చి నెల దాటింది కనుక తొందరపడి రాస్తున్నానని అనకండి. మంచీ చెడూ రెండు వరసల్లో రాసుకునే అలవాటు నాది. మంచి వరసలో ఇంతవరకు రొట్టెలబ్బాయి వేళకు వస్తాడు అని తప్ప ఇంకేమీ పడలేదు. ఆ రొట్టె కూడా తడిసిన దూదిలా ఉంటుంది.

ముందు గాలి సంగతి. బట్టీల పొగగొట్టాలు ఊరికి నైరుతిన బారులు తీరి ఉన్నాయి. గాలి అటునుంచి తిరిగిందంటే మురిగిన గుడ్ల కంపు. ఎండాకాలం కదా అని కిటికీ తెరిస్తే ఆ కంపు లోపలికి వచ్చి మన పక్కనే పడుకుంటుంది. మూసుకుంటే కార్పెట్ల చెమట వాసన. వీళ్ళు నేలను కడగరు. నేల కనబడకుండా కార్పెట్ పరిచి, వీధిలో తిరిగిన బూట్లతోనే దాని మీద తిరుగుతారు.

ఇక గిన్నెలు. పక్కింటి మిసెస్ టెబట్ వంటగది కిటికీ మన పెరటిగోడకు ఎదురుగా ఉంది. చూడకూడదనుకున్నా కనబడుతుంది. ఒక తొట్టిలో సబ్బునీళ్ళు పోస్తుంది. కప్పులు, పళ్ళేలు, కుక్క గిన్నె, అన్నీ అందులోనే ముంచుతుంది. తీసి, నురగ కారుతూ ఉండగానే గుడ్డతో తుడిచి అల్మరాలో పెట్టేస్తుంది. మంచినీళ్ళు పోసి కడగడం అనేది లేదు! ఆ నురగే మర్నాడు వాళ్ళ టీలో తేలుతుంది. ఇది ఆమె ఒక్కతే చేసే పని కాదు, ఇంగ్లీషువాళ్ళ దేశాచారమట. లీదియా ఆ ఇంట్లో కేకు తిని వచ్చిందని తెలిసిన రోజు నాకు అన్నం సహించలేదు.

ఆ ఇంట్లో మేజర్ అనే కుక్క ఉంది. నిన్న గోడ సందులోంచి దూరి వచ్చి, నేను ఊరినుంచి విత్తనాలు తెచ్చి పెంచిన వంట తులసి కుండీ మీద కాలెత్తింది. నేను గోడ దగ్గర నిలబడి అనవలసింది అన్నాను. మిసెస్ టెబట్ బయటికి వచ్చి, మొహం కందగడ్డలా చేసుకుని, చాలాసేపు ఏదో అంది. ఏమంటోందని లీదియాను అడిగాను.

"క్షమించమంటోంది నానమ్మా. నీ మొక్కలు చాలా బాగున్నాయట."

ఎర్రబడి పొగిడే మనిషిని నేనింతవరకు చూడలేదు. వీళ్ళ మర్యాద కూడా ఎండకు విరిగిన పాలలా ఉంది. ఆమె మొగుడు, ముసలి సిరిల్, రైల్వేలో పనిచేసి రిటైరయ్యాడట, కాస్త నయం. దగ్గుతూనే టోపీ ఎత్తి నమస్కరిస్తాడు. పెరట్లో చిక్కుడు పందిళ్ళు వేసుకుంటాడు.

లీదియాను కూడా అడిగాను. మన ఊరికి వస్తావా, తాతయ్య దగ్గర ఉండి చదువుకుంటావా అంటే, "నీ ఇష్టం నానమ్మా" అని నవ్వింది. పిల్ల బుద్ధిమంతురాలు. ఆ బుద్ధి ఇక్కడ పాడుకాకముందే తీసుకురావాలి.

సాయంత్రం దాటాక కాఫీ తాగకండి.

మీ
ఎర్సీలియా

&nbsp;

శుక్రవారం, 30 జూన్ 1961

నా ప్రియమైన పంతులమ్మా,

నీ ఉత్తరం చదివాక వెళ్ళి చేతులు కడుక్కున్నాను. సబ్బుతో, ఆపైన మంచినీళ్ళతో కూడా. నువ్వు చూడకపోయినా నేను శుభ్రంగానే ఉన్నానని గమనించగలవు.

మదర్ ఒర్సోలాను కలిశాను. సీటు ఉందట. "మీ ఆవిడ దగ్గర చదువుకున్న దాన్ని, ఆవిడ మనవరాలికి లేదంటానా" అంది. అంటూనే వెనక్కి తిరిగి చూసుకుంది, నువ్వెక్కడైనా నిలబడి ఉన్నావేమోనని. నీ పేరుకు ఈ ఊళ్ళో ఇంకా అంత బలం ఉంది.

నా సందేహం ఒకటి చెప్పనీ. నలభై ఏళ్ళు తపాలా ఆఫీసు కిటికీ వెనక కూర్చున్నాను. మొహం ఎర్రగా చేసుకుని వచ్చినవాళ్ళు వేలమంది. వాళ్ళలో నన్ను పొగిడినవాడు ఒక్కడూ లేడు. మీ మిసెస్ టెబట్ ఎవరో మహాసాధ్వి అయి ఉండాలి, లేదా ఆమె మాటలు గోడ దాటేటప్పుడు దారిలో ఏదో అవుతూ ఉండాలి.

ఇంకొకటి. "నీ ఇష్టం" అనే మాట పెళ్ళయిన నాటినుంచి నేనూ నీతో అంటూనే ఉన్నాను. దానికి అర్థం నీకు తెలుసనే అనుకుంటూ వచ్చాను.

కుందేళ్ళు బాగున్నాయి. అంజూరాలు ఇంకా పచ్చివే. కాఫీ ఎనిమిదింటికే ఆపేస్తున్నాను, ఒక్కోసారి తొమ్మిదింటికి.

నీ
అకీల్లె

&nbsp;

బెడ్‌ఫర్డ్
ఆదివారం, 16 జూలై 1961

ప్రియమైన అకీల్లేకు,

మీ పరిహాసాలు అందాయి. చేతిలో పని లేనివాళ్ళకు సందేహాలు పుడుతూనే ఉంటాయి. సీటు దొరికినందుకు సంతోషం. లీదియాకు మన లెక్కల పద్ధతి నేర్పడం మొదలుపెట్టాను.

ఈ వారం ఎండ కాసింది. దేశమంతా మతి పోగొట్టుకుంది. నది ఒడ్డున ఉన్న తోటకు లీదియాను తీసుకెళ్ళాను. నా వయసు మగవాళ్ళు చొక్కాలు విప్పి, ప్యాంట్లు మోకాళ్ళదాకా మడిచి, గడ్డి మీద వెల్లకిలా పడి ఉన్నారు. ఉడికించిన పీతల రంగు. నెత్తిన జేబురుమాలు నాలుగు మూలలా ముడేసి పెట్టుకున్నారు, అదే టోపీ అట. ఆ గడ్డి మీదే కుక్కలు, ఆ కుక్కలు చేసిన పనులు, వాటి పక్కనే పిల్లల చాపలు. వేయించిన చేపను పాత దినపత్రికలో చుట్టి ఇస్తే, నడుస్తూ వేళ్ళతో తింటున్నారు. ఒకడి చేప మీద గుర్రప్పందేల ఫలితాలు అచ్చుపడి ఉండటం నేను కళ్ళారా చూశాను. నూనె, వెనిగరు, సిరా, అన్నీ కలిపి నాకాడు.

ఐస్‌క్రీం బండి పాట పాడుకుంటూ వీధుల్లో తిరుగుతుంది. లీదియా అడిగితే ఒకటి కొన్నాను. నేనూ రుచి చూశాను. ఆవుకూ దానికీ ఏ పరిచయమూ లేదు. గుమ్మంలో పెట్టిన పాలసీసాల మూతలను పిట్టలు పొడిచి మీగడ తాగిపోతే, మిగిలిన పాలు అలాగే టీలో పోసుకుంటారు. "పిట్టకూ ఆకలేస్తుంది కదా నానమ్మా" అంటుంది మన పిల్ల. చూశారా, అప్పుడే ఎక్కడిదాకా వచ్చిందో!

పోయిన ఆదివారం దుప్పట్లు ఉతికి ఆరేశాను. మంచి ఎండ, మంచి గాలి, అదీ బట్టీల వైపునుంచి కాదు. మిసెస్ టెబట్ గుమ్మంలో నిలబడి, తలనిండా చుట్టిన రోలర్లతో సహా ఊగిపోతూ ఏదో అంది. "దుప్పట్లు ఎంత తెల్లగా ఉన్నాయో అంటోంది" అని లీదియా చెప్పింది. నేను తల పంకించి, మిగిలిన రెండూ కూడా తెచ్చి ఆరేశాను. ఆమె ధడాలున తలుపు వేసుకుంది. పొగిడి తలుపు వేసుకునే జాతి! ఆదివారం ఇక్కడ బట్టలు ఆరేయడం అప్రతిష్ట అని రెండు రోజుల తర్వాత నొరీనా చెప్పింది. ఆరు రోజులు మురికిగా బతికి ఏడో రోజు మడికట్టుకుంటారు కాబోలు.

రోజూ ఉదయం ఇంగ్లీషు వ్యాకరణం చదువుతున్నాను. ఒక దేశాన్ని సరిగా అసహ్యించుకోవాలన్నా దాని భాష తెలియాలి. అచ్చులో ఉన్నది అర్థమవుతోంది. నోటితో అంటే ఇంకా పట్టుబడటం లేదు. వాళ్ళు మాట్లాడరు, మాటల్ని నమిలి మింగుతారు.

లీదియా తిండి తగ్గింది. టెబట్‌ల పెరట్లోకి వెళ్ళి ఆ ముసలాయనతో చిక్కుళ్ళు కోస్తూ కూర్చునేది. అక్కడికి వెళ్ళవద్దని కట్టడి చేశాను. ఎదురు చెప్పలేదు. "సరే నానమ్మా" అంది. ఇక్కడి తిండి పడని కడుపు అది. మన ఊరి గాలి తగిలితే అదే తింటుంది.

మీ
ఎర్సీలియా

&nbsp;

గురువారం, 27 జూలై 1961

నా ప్రియమైన ఎర్సీలియాకు,

ఎండ ఎంత మండుతోందంటే కుందేళ్ళు కూడా నీలాగే నన్ను కోపంగా చూస్తున్నాయి.

మొదట నేను సందేహించిన మాట నిజం. ఇప్పుడు నీకంటే నాకే తొందరగా ఉంది. వడ్రంగి దగ్గర చిన్న మంచం చేయించాను. తలవైపు చెక్క మీద పువ్వు చెక్కమంటే, ముల్లంగిలా చెక్కాడు. "పిల్లలకు ఇదే నచ్చుతుంది తాతా" అని వాడి సమర్థన. తూర్పు గది ఖాళీ చేస్తున్నాను. ఇంతకాలం ఆ గదిలో ఏం దాచామో అన్నీ బయటపడుతున్నాయి. నువ్వు పదిహేనేళ్ళ కిందట పోయిందన్న గొడుగు కూడా దొరికింది.

చావడిలో పేకాట దగ్గర అందరికీ చెప్పాను. "ఇంగ్లీషు మనవరాలు వస్తోందట, ఇక మన ముసలాడు మర్యాదగా ఆడతాడు" అని ఏడిపిస్తున్నారు. ఏడిపించనీ. పుట్టిన ఎనిమిదేళ్ళలో ఆ పిల్లను నేను రెండుసార్లు చూశాను. రెండోసారి నా మీసం పట్టుకుని లాగింది. బడికి దాన్ని నేనే తీసుకెళ్తాను, ముందే చెబుతున్నాను.

తిండి తగ్గిందన్నావు. బలవంతం చేయకు.

నీ
అకీల్లె

&nbsp;

బెడ్‌ఫర్డ్
ఆదివారం, 20 ఆగస్టు 1961

ప్రియమైన అకీల్లేకు,

ఈ ఉత్తరం చావడిలో ఎవరికీ చదివి వినిపించకండి.

శుక్రవారం టమాటాల పని పెట్టుకున్నాం. మార్కెట్లో మాగిపోయిన టమాటాలు పెట్టెలకొద్దీ దొరికాయి. ఈ దేశం వాళ్ళు అలాంటివి పారేస్తారు, వాళ్ళకు పచ్చిగా గట్టిగా ఉన్నవే కావాలి. మనవాళ్ళ ఇళ్ళనుంచి పాల్మీరా, ఇంకో ముగ్గురు ఆడవాళ్ళు వచ్చారు. రొక్కో బట్టీనుంచి ఇనుప పీపా తెచ్చి పెరట్లో పొయ్యి మీద పెట్టాడు. గుజ్జు తీసి, సీసాల్లో నింపి, మూతలు బిగించి ఆ పీపాలో ఉడికించడం. మన పెరట్లో ఎలాగో ఇక్కడా అలాగే. ఏడాదికి సరిపడా చేసి పెట్టి వద్దామనుకున్నాను.

అంతకు రెండు రోజుల ముందు మిసెస్ టెబట్ గోడ దగ్గరికి వచ్చింది. ఈసారి అరవలేదు. మొహం బూడిదలా ఉంది. లీదియాతో నాలుగు ముక్కలు అని లోపలికి వెళ్ళిపోయింది. ఏమందని అడిగాను.

"శుక్రవారం పదకొండు గంటలకు ఎండ బాగా కాస్తుందట నానమ్మా. నీ పనికి మంచిదట."

మొదటిసారి ఆమె పనికొచ్చే మాట చెప్పిందనుకున్నాను.

శుక్రవారం పొద్దున్న ఎండ నిజంగానే వచ్చింది. పీపా మరుగుతోంది, పొగ లేచింది. నీళ్ళ కోసం ముందు గదిలోకి వెళ్తే, ఎదురింటి కిటికీకి తెర దించి ఉంది. దాని పక్క ఇంటికీ అంతే. ఆ చివరినుంచి ఈ చివరిదాకా, పట్టపగలు, ఏడాదికోసారి వచ్చే ఎండలో, వీధి మొత్తం తెరలు దించుకుంది. నా ఒళ్ళు మండింది. పెరట్లోకి వచ్చి, "చూశారా, మన పొగ, మన వాసన, మన మొహాలు చూడలేక కిటికీలు మూసుకున్నారు! పాడండి, వీధికంతా వినబడేలా పాడండి!" అన్నాను.

పాల్మీరా పెళ్ళి పాట అందుకుంది. అకీల్లే, చర్చిలో కూడా పెదవులు మాత్రమే కదిపే నేను ఆ రోజు గొంతెత్తి పాడాను.

పాడుతూ, ఇంకా ఎవరెవరు మూశారో చూద్దామని పక్క సందులోంచి వీధిలోకి వచ్చాను. టెబట్‌ల గుమ్మం ముందు నల్ల కారు ఉంది. నలుగురు మనుషులు శవపేటిక మోసుకుని మెట్లు దిగుతున్నారు. దారినపోయే వాళ్ళు టోపీలు తీసి నిలబడ్డారు. వెనకాల మిసెస్ టెబట్, నల్ల టోపీ పెట్టుకుని. నన్ను చూసింది. నా చేతులు మోచేతులదాకా ఎర్రగా, టమాటా రసం కారుతూ ఉన్నాయి. వెనకాల పెరట్లో పాల్మీరా పెళ్ళికూతురి నడుమును వర్ణిస్తోంది.

సిరిల్ టెబట్ జూలై చివరనుంచీ ఆసుపత్రిలో ఉన్నాడట. మంగళవారం పోయాడట. చర్చి గంట మోగలేదు. మన ఊళ్ళోలా గోడ మీద చావు కబురు చెప్పే నల్ల అంచు కాగితం లేదు. ఒక్క ఏడుపు వినబడలేదు. గోడకు ఇవతల ఉన్న నాకు తెలియలేదు! ఎండకు, వర్షానికి, కుక్కకు జబ్బు చేస్తే గంటలకొద్దీ మాట్లాడే మనుషులు చావు దగ్గర నోరు కుట్టేసుకుంటారు. పిల్లకు కూడా, ఆయన విశ్రాంతి తీసుకుంటున్నాడని చెప్పారట. తెరలు దించడమే వాళ్ళ గంట, వాళ్ళ నల్ల కాగితం. అది నాకెవరు చెప్పారు?

ఆమె నీతో ఏమందో సరిగ్గా చెప్పమని లీదియాను అడిగాను. "గుర్తులేదు నానమ్మా" అని మంచం కిందికి దూరింది. సరిగా అర్థం చేసుకోలేదేమో.

ఇంకా రోత పుట్టించింది ఏమిటంటే, శ్మశానం నుంచి వచ్చాక జనం ఆ ఇంటికే వెళ్ళారు. మిసెస్ టెబట్ తన చేత్తో టీ కాచి, చల్లటి పంది మాంసం ముక్కలు రొట్టెలో పెట్టి అందరికీ అందించింది. చావింట్లో! ముండమోసిన మనిషి వడ్డిస్తే మిగతావాళ్ళు కూర్చుని తిన్నారు. తిని, "రోజు బాగుంది" అనుకుంటూ పోయారు. నిన్నటినుంచి ఆ ఇంట్లోకి ఒక్కరూ వెళ్ళలేదు. ఆమె వంటగది కిటికీలో ఆమె ఒక్కతే కనబడుతోంది.

చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలగకూడదు. పొరుగువాళ్ళు వండి తీసుకెళ్ళాలి, దగ్గర కూర్చుని తినిపించాలి, గిన్నెలు కడిగి రావాలి. నాకు తెలిసినది అదొక్కటే. కోడి తెచ్చాను. రేపు వెళ్తాను. తలుపు తీయకపోతే మెట్ల మీద కూర్చుంటాను.

మీ
ఎర్సీలియా

&nbsp;

మంగళవారం, 22 ఆగస్టు 1961

నా ప్రియమైన ఎర్సీలియాకు,

నీ దగ్గరనుంచి ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. టమాటాల పనిలో ఉన్నావనుకుంటాను.

గది పూర్తయింది. గోడలకు లేత నీలం వేశాను, నా నెత్తికి కూడా కొంత పడింది. మంచం కిటికీ పక్కన పెట్టాను, పడుకుని చూస్తే ఎదురు కొండ కనబడుతుంది. పడుకుని చూశాను కనుక చెబుతున్నాను. కాళ్ళు బయటికి వచ్చాయి కానీ పిల్లకు సరిపోతుంది. మంచం మీద ఉన్న ముల్లంగి కూడా రోజూ చూస్తుంటే పువ్వులాగే ఉంది.

నిన్న రాత్రి ఆ గదిలో దీపం వెలిగించి బయటినుంచి చూసి వచ్చాను. అంతే. ఎందుకని అడగకు.

రైలు ఏ రోజు దిగుతారో రాయి. బండి మాట్లాడాలి.

నీ
అకీల్లె

&nbsp;

బెడ్‌ఫర్డ్
ఆదివారం, 27 ఆగస్టు 1961

ప్రియమైన అకీల్లేకు,

మీ ఉత్తరం నిన్న అందింది. అది చదివాక ఈ ఉత్తరం రాయడం కష్టమైంది. అయినా జరిగింది జరిగినట్టు రాస్తాను. చివరిదాకా చదివాకే గదిలోకి వెళ్ళండి.

సోమవారం మధ్యాహ్నం కోడి చారు, సన్న సేమియా, రొట్టె, కాఫీ పట్టుకుని, లీదియాను వెంటబెట్టుకుని టెబట్ ఇంటికి వెళ్ళాను. తలుపు తీసింది. నన్ను, గిన్నెను, మళ్ళీ నన్ను చూసింది. పొమ్మనే లోపలే నేను లోపలికి నడిచాను. ఆ వంటగది గురించి దూరంనుంచి నేను అనుకున్నదంతా తక్కువే. పొయ్యి చుట్టూ ఏళ్ళనాటి జిడ్డు. అంత్యక్రియల నాటి మాంసం ముక్కలు పళ్ళెంలో అంచులు ఎండి వంకర తిరిగి ఉన్నాయి. వాటి మీద ఈగలు. మేజర్ కుర్చీలో కూర్చుని ఉంది, మనిషిలా, గద్దె మీద ఉన్నట్టు. దాన్ని దించాను. కుర్చీ తుడిచాను. ఆమెను కూర్చోబెట్టి, చారు పోసి, నేనూ లీదియా ఎదురుగా కూర్చున్నాం.

ఆమె చెంచా తిప్పుతూ లీదియాతో మాట్లాడింది. మామూలుగా నమిలి మింగేలా కాదు. ఏడ్చి ఏడ్చి అలిసిన మనిషి కదా, ఒక్కో మాటా విడివిడిగా వచ్చింది. నా ప్రాణానికి అదే చాలింది. కంపు, శుక్రవారం, పాట, సిగ్గు, ఈ నాలుగూ నేను వ్యాకరణం పుస్తకం పక్కన రాసుకున్న మాటలే. తక్కినవి వాటికవే అతుక్కున్నాయి.

"ఏమే పిల్లా, మీ మామ్మకు చెప్పు. ఇది కంపు కొడుతోంది. శుక్రవారం నా మొగుణ్ణి తీసుకెళ్తుంటే పాటలు పాడింది. ఇవాళ గిన్నె పట్టుకుని వచ్చింది. సిగ్గు లేదా అని అడుగు."

లీదియా నావైపు తిరిగింది. దాని మొహంలో ఏమీ మారలేదు. "చాలా రుచిగా ఉందట నానమ్మా. నువ్వు వచ్చినందుకు సంతోషంగా ఉందట."

నేను మిసెస్ టెబట్ వైపు చూసి, నాకు వచ్చిన ఇంగ్లీషులో అన్నాను, "సిగ్గు ఉంది. అందుకే వచ్చాను."

ఆమె చెంచా కింద పెట్టింది. లీదియా చేతులు బల్ల కిందికి లాక్కుంది.

"నీకు అర్థమవుతుందా?" అంది మిసెస్ టెబట్.

"కొంచెం. నెమ్మదిగా అంటే."

"అయితే శుక్రవారం పదకొండింటికి కాస్త చప్పుడు చేయవద్దని చెప్పమంటే, ఇది నీకేం చెప్పింది?"

"ఎండ కాస్తుందని."

ఆమె లీదియాను చూసింది, నేనూ చూశాను. ఆ తర్వాత ఇద్దరు ముసలివాళ్ళం బల్లకు అటూ ఇటూ కూర్చుని, వేసవి మొత్తాన్ని వెనక్కి తిప్పాం. నాకు మాట చాలనప్పుడు చేతులతో చెప్పాను.

"దుప్పట్ల రోజు నేను ఏమన్నానో తెలుసా? ఆదివారం పూట మురికిగుడ్డలు వీధికి చూపించడానికి మీకు దేవుడి భయం లేదా అన్నాను."

"తెల్లగా ఉన్నాయని చెప్పింది. అందుకే ఇంకో రెండు తెచ్చాను."

"నేనేమో నన్ను ఉడికించడానికి తెచ్చావనుకున్నాను! కుక్క సంగతిలో నువ్వేమన్నావని చెప్పిందో తెలుసా? మా మామ్మకు మీ మేజర్ అంటే ప్రాణం, మా మొక్కలు చూడటానికి వచ్చినందుకు థాంక్స్ చెబుతోంది, అంది."

"విషం పెడతానన్నాను," అన్నాను.

మిసెస్ టెబట్ నవ్వింది. ఆ నవ్వు ఆగలేదు, ఆగకుండానే ఏడుపైంది. కుక్క వచ్చి ఆమె ఒళ్ళో తల పెట్టింది. ఆ జిడ్డు తల మీద ఆమె కన్నీళ్ళు, ఆ చేత్తోనే మళ్ళీ చెంచా పట్టుకోవడం. నేను చూడలేకపోయాను, చూస్తూ కూర్చున్నాను. గిన్నెడు చారూ తాగింది. "కంపే," అంది మధ్యలో, "ఇంకాస్త పొయ్యి."

ఈ మాత్రం నవ్వుకు వీలుందని లీదియాకు తెలియదు. అది వెక్కి వెక్కి ఏడుస్తోంది. "నిజం చెబితే మీ ఇద్దరూ తలుపులు వేసేసుకుంటారు. అప్పుడు నేను ఎటు వెళ్ళాలి?" అంది, ముందు ఇంగ్లీషులో ఆమెకు, తర్వాత మన భాషలో నాకు. ఆ ఒక్కసారి మాత్రం రెండు భాషల్లోనూ ఒకటే అన్నది.

గిన్నెలన్నీ కడిగాను, మంచినీళ్ళతో, రెండుసార్లు. "నదిని ఖాళీ చేస్తుందేమో చూడవే" అని మిసెస్ టెబట్ గొణిగింది. లీదియా నాకు అదే చెప్పింది, ఒక్క అక్షరం మార్చకుండా.

ఇంటికి వచ్చాక పెరట్లో దాన్ని నా ఎదురుగా నిలబెట్టాను. ముప్పై ఆరేళ్ళు పిల్లలకు పాఠం చెప్పాను. ఎదురుగా ఉన్న పిల్ల నిజంగా ఏమంటోందో అడగడం ఎప్పుడూ అవసరం అనిపించలేదు.

"జూన్‌లో నిన్నొక మాట అడిగాను. 'నీ ఇష్టం నానమ్మా' అన్నావు. ఇప్పుడు దాన్ని ఉన్నదున్నట్టుగా అనువదించు," అన్నాను.

అది బూట్లు చూసుకుంది.

"నేను రాను."

"ఎందుకు?"

"అమ్మకు చిన్న పాపాయి పుడుతుంది కదా. అది నన్ను చూడకుండానే పెద్దదవుతుంది." తర్వాత, "ఇక్కడ కంపని నీకు తెలుసు. నాకు తెలియదు నానమ్మా. నాకు ఇది ఇంటి వాసనే."

మళ్ళీ అదే అడిగింది, "తాతయ్యకు కోపం వస్తుందా?"

రాదని చెప్పి ఉండవచ్చు. ఆ నిమిషంలో అదే తేలిక. "వస్తుంది," అన్నాను. "ఏడుస్తాడు కూడా. నీకోసం గది సిద్ధం చేస్తున్నాడు. అయినా రావా?"

"రాను," అంది.

అకీల్లే, మీ ఉత్తరంలోని దీపం గురించి చదివాక నిన్నంతా దాన్ని మళ్ళీ అడగాలని నోటిదాకా వచ్చింది. కాస్త గట్టిగా అడిగితే ఒప్పుకుంటుంది. ఒప్పుకుంటుందని తెలిసే అడగలేదు. మీ మనసు కష్టపెట్టాను. ఆ సంగతి తీయగా చెప్పే విద్య నాకు రాదు.

ఈ ఊరి మీద నా అభిప్రాయం మారిందనుకోకండి. ఇవాళ గాలి నైరుతి నుంచే వీస్తోంది. పక్కింట్లో క్యాబేజీని తెల్లారినప్పటినుంచీ ఉడికిస్తోంది, ఇంకా ఉడికిస్తూనే ఉంది. అయినా నేను ఇప్పుడు రావడం లేదు.

మీ
ఎర్సీలియా

ఇకపై జరగవలసినవి:

1. మదర్ ఒర్సోలా దగ్గరికి వెళ్ళి సీటు వదులుకోండి. కారణం అడిగితే ఆరోగ్యమనో, ప్రయాణమనో చెప్పకండి. పిల్ల రానన్నదని చెప్పండి.

2. గది అలాగే ఉంచండి, కుందేళ్ళను అందులో పెట్టకండి. వచ్చే వేసవి సెలవులకు వస్తుందా అని అడిగితే, "వస్తాను, కానీ సెలవులయ్యాక పంపించేయాలి" అని షరతు పెట్టింది. రెండుసార్లు అడిగాను, రెండుసార్లూ అదే షరతు.

3. కాన్పు అయ్యేదాకా, ఆ తర్వాత కోడలు లేచి తిరిగేదాకా ఇక్కడే ఉంటాను. నా నల్ల ఉన్ని కోటు చలి రాకముందే పంపండి. రొక్కోను పగటి పనికి మార్చమని అడగమన్నాను. వాడు అడగకపోతే నేనే బట్టీకి వెళ్ళి అడుగుతాను, వాడికి ఆ సంగతి తెలుసు.

4. లీదియా ఇక ఎవరి మాటలూ ఎవరికీ మోయదు. మంగళ, గురువారాల్లో మిసెస్ టెబట్ నాకు ఇంగ్లీషు చెబుతుంది, నేను ఆమెకు గిన్నెలు కడగడం చెబుతాను. ఆమె వంటగదిలో కాదు, మన వంటగదిలో.

5. చిక్కుళ్ళు ముదిరిపోతున్నాయి, కోసేవాళ్ళు లేరు. లీదియా మళ్ళీ ఆ పెరట్లోకి వెళ్ళవచ్చు. తిరిగి వచ్చాక చేతులు కడుక్కోవాలి.

6. పాపాయి పుట్టే వేళకు మీరు ఇక్కడికి వస్తారా? వచ్చి చూస్తే మీకూ ఇక్కడ రోత పుడుతుంది, అది ఖాయం. రావాలని లేకపోతే, "నీ ఇష్టం" అని మాత్రం రాయకండి. రాను అనే రాయండి. నేను చదువుకుంటాను.